ఆ బిషప్పు ఐరిష్ ఎందుకు నేర్చుకున్నాడు?

2023 జూలైలో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలకు వచ్చినవాళ్ళకు ఫిలడెల్ఫియా కన్వెన్షన్ సెంటర్ గుర్తుండే ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికి కాస్త నడిస్తే వైన్ స్ట్రీట్ వస్తుంది. 1860 జనవరి 5న, పదమూడో వీధి దగ్గర, ఈ ఊరి కథోలిక బిషప్పు ఏదో పని మీద నడిచి వెళ్తూ ఆ వీధిలోనే కుప్పకూలిపోయాడు. అప్పటికి ఆయనకు 48 ఏళ్ళు. పేరు జాన్ న్యూమన్.

ఆయన కూడా మనలాగే వలస వచ్చినవాడు. 1811లో బొహీమియాలోని ప్రాహతిత్సెలో, అంటే నేటి చెక్ దేశంలో, మేజోళ్ళు నేసే ఇంట్లో పుట్టాడు. గురువు, అంటే చర్చి ఫాదర్, కావడానికి చదవాల్సిన చదువు పూర్తయినా, అక్కడ గురువులు ఎక్కువైపోయారని ఆ పదవినిచ్చే అభిషేకం వాయిదా వేశారు. దాంతో 1836లో ఓడెక్కి న్యూయార్క్ చేరాడు. అప్పుడు జేబులో ఉన్నది ఒక్క డాలరని చెబుతారు. అక్కడే గురువై, నయాగరా వైపు అడవుల్లో జర్మన్ రైతుల మధ్య తిరిగాడు. 1842లో రిడెంప్టరిస్టులనే కథోలిక సన్యాసుల సభలో వ్రతం పట్టాడు. 1848లో అమెరికా పౌరుడయ్యాడు. 1852 మార్చి 28న, సరిగ్గా 41వ పుట్టినరోజున, ఫిలడెల్ఫియా మేత్రాసనానికి, అంటే ఒక బిషప్పు కింద ఉండే చర్చిల ప్రాంతానికి, బిషప్పుగా అభిషేకం పొందాడు.

ఆ ఊరు ఎలాంటిదంటే, అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1844లో, వలసవాళ్ళంటే గిట్టనివాళ్ళు ఇక్కడ రెండు కథోలిక చర్చిలు తగలబెట్టారు. పొట్టి మనిషి, యాస ఇంగ్లిష్, సాదా బట్టలు. ఇంత పెద్ద ఊరికి ఈయనేం బిషప్పని సొంత సంఘంలోనే కొందరు నొసలు చిట్లించారు. నాకు చిన్న మేత్రాసనం చాలని ఆయనే రోమ్‌కు రాసుకున్నాడు.

ఆయన గురించి రాసేవాళ్ళు ముందు బడుల సంగతే ఎత్తుతారు. ఊరంతటా చర్చిలు నడిపే పారిష్ బడులను ఒక పద్ధతిలోకి తెచ్చింది ఆయనే, నిజమే. నాకు అంతకన్నా పెద్ద పనిగా కనిపించేది వేరే ఉంది. జర్మన్, చెక్, ఫ్రెంచ్, ఇటాలియన్, స్పానిష్, ఇంగ్లిష్ వచ్చిన ఆ మనిషి, మీద ఒక మేత్రాసనం బరువు ఉండగా, ఐరిష్ నేర్చుకున్నాడు. బంగాళదుంప పంట కుళ్ళిపోయి, కరువుకు తాళలేక వచ్చిన ఐరిష్ ముసలివాళ్ళకు ఇంగ్లిష్ రాదు. పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు గురువు దగ్గర ఒప్పుకోవడం, చెవిలో చెప్పుకునే మాట. మధ్యలో దుబాసీని పెట్టుకుని చెప్పుకోలేరు. ఒక ముసలమ్మ తన భాషలో అంతా చెప్పుకుని, దేవుడి దయవల్ల మనకు ఐరిష్ బిషప్పు దొరికాడని మురిసిపోయిందట.

నేను క్రైస్తవుణ్ణి కాను. అయినా ఆ ముసలమ్మ మాట చదివినప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది. పోయిన చలికాలం ఆసుపత్రిలో అమ్మకు ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని ఇచ్చారు, హిందీలో. అమ్మకు హిందీ రాదు. ‘నరాలు లాగేస్తున్నాయి, కడుపులో తిప్పుతోంది, గుండెల్లో దడగా ఉంది’ అంటోంది. పక్కనున్న నేను తడబడుతూ ఇంగ్లిష్‌లో చెప్పాను. కొన్ని మాటలు కొడుకు ముందు చెప్పలేక మింగేసింది కూడా. ఇంటికొచ్చాక మా ఆవిడతో చెబితే తెలిసింది.

మన తెలుగు సంఘం ఉగాదికి, దీపావళికి స్టేజీ మీద పెట్టే ఖర్చు నాకు తెలుసు. పండగలు వద్దనడం లేదు. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు, గ్రీన్ కార్డు మీద ఉండిపోయిన తాతయ్యలు ఈ ఊళ్ళో ఎంతమందో! వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళడానికి తెలుగు బాగా వచ్చిన ఆడవాళ్ళు, మగవాళ్ళు ఓ ఇరవైమంది కావాలి. వైద్యం మాటల్లో వాళ్ళకు శిక్షణ ఇప్పించాలి. ఇక్కడే పుట్టిన మన కాలేజీ పిల్లలను కూడా అందులోకి తీసుకోవాలి. మన పిల్లలకు తెలుగు రాదని ఊరికే బాధపడే బదులు, ఆ పిల్లలకు తెలుగుతో ఒక పని అప్పజెప్పి చూద్దాం. పుట్టుకతో రాని భాషను న్యూమన్ నలభై దాటాక కూడా వదల్లేదు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ సంగతి పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాను. జాబితాలో నా పేరు రాసుకోండి. మంగళవారం, గురువారం పొద్దున్న నాకు వీలవుతుంది.