‘అడుగుకు ఎంత?’ అని అడిగితే అక్కడే ఓడిపోయాం

పాత ఇంటిని బాగు చేయించాలనుకున్న ప్రతివాళ్లూ మేస్త్రీని అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ‘అడుగుకు ఎంత?’ ఆ మాట నోట్లోంచి రాగానే బేరం మన చేయి దాటిపోతుంది. చెప్పిన రోజుకు రాడు, అడ్వాన్సు పుచ్చుకుని ఫోనెత్తడు, సగం కూలగొట్టి మాయమైపోతాడు అని ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది. అవన్నీ నిజమే అనుకుందాం. అయినా తప్పు మనిషిలో కంటే ముందు ఆ చదరపు అడుగు లెక్కలోనే ఉందని నా వాదన.

కూకట్‌పల్లిలో మా ఫ్లాటుకు ఇరవై ఏళ్లు దాటాక రెండు బాత్రూములు, వంటగది తిరగ్గొట్టించాం. మెటీరియల్‌తో కలిపి ప్యాకేజీ అన్నాడు మేస్త్రీ. సరే అన్నాం. పాత టైల్స్ కూలగొట్టడం అందులో ఉంది, ఆ రాళ్లూ మట్టీ నాలుగో అంతస్తు నుంచి దించి బండికెత్తడం లేదు. టైల్ ఉంది, గోడ అడుగున వేసే పట్టీ, అదే స్కర్టింగ్, లేదు. గీజర్ పాయింట్ ఉంది, దానికోసం గోడలో గాడి కోసి మళ్లీ పూడ్చడం లేదు. “అది ప్యాకేజీలో రాదు కద సార్” అన్నాడు. అబద్ధమేం కాదు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండో వారంలో ఇద్దరం కూర్చుని, పని పనికీ విడివిడిగా రేటు రాసుకుని సంతకాలు పెట్టుకున్నాకే ఇంట్లో గొడవ తగ్గింది.

కొలతల సంగతే చూడండి. గోడ కొలిచేటప్పుడు తలుపులు, కిటికీలు తీసేయాలా వద్దా? మేస్త్రీ వద్దంటాడు, మొత్తం గోడ లెక్కే. మనం తీసేయాలంటాం. నిజానికి దీనికి ఐఎస్ 1200 అనే భారతీయ ప్రమాణం ఉంది. ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీలకు ఏమీ తీసేయరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా, గోడకు రెండు వైపులా పని జరిగితే ఒక వైపే తీసేస్తారు, బదులుగా అంచులను విడిగా కొలవరు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న మామూలు తలుపు 21 చదరపు అడుగులు, అంటే రెండు చదరపు మీటర్లకు కాస్త తక్కువ. కాబట్టి మేస్త్రీ సగం తప్పు, మనమూ సగం తప్పు. ఈ ఒక్క వాక్యం ముందే కాగితం మీద ఉంటే చివరి రోజు టేపు పట్టుకుని కొట్లాడుకునే పనే లేదు.

అంతకంటే పెద్ద నష్టం కంటికి కనపడనిది. అడుగు లెక్క వేగానికి డబ్బిస్తుంది, ఆగడానికి ఇవ్వదు. వంటగది గట్టుకు పోసిన కాంక్రీటుకు మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటైతే కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఆ పది రోజులకు అడుగు రేటులో చోటెక్కడ? బాత్రూము వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్ వేయకముందే, డ్రెయిన్ మూసి ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ తడిసిందేమో చూడాలి. దానికీ చోటు లేదు. తొందరగా వేస్తే ఆయనకు కూలి మిగులుతుంది, ఆర్నెల్ల తర్వాత కింది ఫ్లాటు వాళ్లు వచ్చి మన తలుపు కొడతారు.

‘ఇది నమ్మకం మీద నడిచే పని, కాగితం అంటే మంచి మేస్త్రీ కూడా వెళ్లిపోతాడు, పైగా పాత గోడ తెరిస్తే లోపల ఏముంటుందో ముందే ఎవరు చెప్పగలరు’ అంటారు కొందరు. గోడ తెరిచాక తుప్పుపట్టిన పాత ఇనుప (జీఐ) పైపు బయటపడితే అది మేస్త్రీ పాపం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎక్స్‌ట్రా పని ఎంతన్నది తెలియకపోయినా, దాని రేటు ఎంతన్నది ముందే రాసుకోవచ్చు కదా.

ఇక అడ్వాన్సు. మనం సగం డబ్బు ముందే ఇస్తాం, అది మన టైల్స్‌కే పోతుందనుకుంటాం. చాలాసార్లు ఆ డబ్బు పక్క సైటులో కూలీల ఆదివారం బట్వాడాకు పోతుంది. మన సైటు బట్వాడా రేపు ఇంకొకరి అడ్వాన్సులోంచి రావాలి. వాళ్లు ఆలస్యం చేస్తే మన బాత్రూము ఆగుతుంది. ఒకప్పుడు పాలమూరు వలస కూలీలకు, వాళ్లను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కట్టేసుకునేవాడు. ఇప్పుడు మేస్త్రీయే మన అడ్వాన్సులకు కట్టుబడి సైటు నుంచి సైటుకు పరిగెడుతున్నాడు. ఆయన చేతిలో పెట్టుబడి లేదు. మనం మోసం అని పిలిచేదాంట్లో సగం ఇదే.

కాలిఫోర్నియాలో ఉన్న మా బావమరిది వంటగది బాగు చేయించినప్పుడు కాంట్రాక్టర్ తీసుకున్న అడ్వాన్సు వెయ్యి డాలర్లు. అక్కడ చట్టమే అంత: పని మొత్తంలో పది శాతం లేదా వెయ్యి డాలర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అది. పైగా లైసెన్సు ఉండాలి. మన దగ్గర ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మే ఆవిడకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, గోడ పగలగొట్టేవాడికి ఏదీ అక్కర్లేదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా, అమ్మకం లేని మరమ్మతు పనులను రిజిస్ట్రేషన్ నుంచి మినహాయించింది. 2019 వినియోగదారుల చట్టంలో గృహ నిర్మాణం సేవ కిందికే వస్తుంది. ఐదు లక్షల లోపు పనికి జిల్లా కమిషన్‌లో ఫీజు కూడా లేదు, రెండేళ్లలోపు కేసు వేయాలి. కానీ బిల్లు లేదు, చిరునామా లేదు. కేసు ఎవరి మీద వేస్తాం, ఫోన్ నంబరు మీదా? (కరెంటు పనికి లైసెన్సు పద్ధతి ఉంది. దాన్ని చూపించమని ఎప్పుడైనా అడిగామా? నేనూ అడగలేదు.)

మేస్త్రీలకు రిజిస్ట్రేషన్ పెట్టమంటే పోలీసు కర్ర పట్టుకోమని కాదు. పేరూ, పనితనమూ ఎక్కడో ఒకచోట నమోదైతే బ్యాంకు ఆయన్ను మనిషిగా చూస్తుంది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా హామీ లేని అప్పు ఇస్తానంటోంది. అందులోని 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీ, వడ్రంగి ఉన్నారు. ప్లంబర్ లేడు, టైల్స్ వేసేవాడు లేడు, రంగులు వేసేవాడు లేడు. ఇవాళ నగరంలో పాత ఇళ్లను నిలబెడుతున్నది ఎక్కువగా వాళ్లే. కూకట్‌పల్లి అడ్డా మీద పొద్దున ఆరింటికి నిలబడ్డవాళ్లను అడిగితే ఏయే వృత్తులు చేర్చాలో గంటలో జాబితా తయారవుతుంది.

మా బాల్కనీ గ్రిల్‌కు రంగు ఇంకా మిగిలే ఉంది. ఆఖరి విడత డబ్బు, కాగితంలో రాసుకున్న ప్రకారం, నా దగ్గరే ఉంది. పోయిన ఆదివారం మేస్త్రీయే ఫోన్ చేశాడు, ఎప్పుడు రమ్మంటారు సార్ అని.