నలుగురూ పోయాక

‘నలుగురూ ఏమనుకుంటారు?’ అన్న ప్రశ్నకి ఆడవాళ్లకి ఇన్నాళ్లకి ఒక శాశ్వత పరిష్కారం దొరికింది. ఆ నలుగురూ పోవడం. ఈ పుణ్యం కట్టుకుంటున్నవాళ్లు మహమ్మారి నవలలు రాసేవాళ్లు. మొదటి పేజీలో ఎవరో దగ్గుతారు, పదో పేజీకల్లా 800 కోట్లమంది గతిస్తారు, పదకొండో పేజీలో ఒక ఆడమనిషి ఖాళీ రోడ్డు మధ్యన ఒంటరిగా నిలబడి ఉంటుంది. లోకులు పలుగాకులన్నారు పెద్దలు. లోకులు పోయారు, కాకులు మిగిలాయి. ఇక ఆమె ఇష్టం.

అని మనం అనుకుంటాం.

ముందుగా ఆ జబ్బుకో నమస్కారం పెట్టాలి. మశూచి అంతటిది కూడా సోకిన నూటికి 30 మందిని తీసుకెళ్లి ఊరుకుంది. 14వ శతాబ్దపు ప్లేగు ఐరోపాలో మూడోవంతు నుంచి సగందాకా జనాన్ని మింగి అలిసిపోయింది. నవలలోని వైరస్ ఇలా పని సగంలో వదిలేసే రకం కాదు. గడప గడపకీ వెళ్తుంది. ఒక్క నాయిక గుమ్మం దగ్గర మాత్రం మర్యాదగా వెనక్కి తిరుగుతుంది. ఆమె రక్తంలో ఏదో ఉందట. అదే రక్తం పంచిన అమ్మలోనూ, తోడబుట్టిన చెల్లెలిలోనూ ఆ ఏదో లేదట. సరే, రచయిత చెప్పాక మనమెవరం కాదనడానికి?

యంత్రాలకి కూడా ఆమె మీద అంతే గౌరవం. పెట్రోలు నిల్వ ఉంటే నెలల్లోనే పాడవడం మొదలవుతుంది, బ్యాటరీ అంతకన్నా ముందే చేతులెత్తేస్తుంది. అయితేనేం, అయిదేళ్లుగా దుమ్ము కప్పుకుని పడున్న కారు ఆమె తాళం తిప్పగానే గుర్రుమంటుంది. తిండికి టిన్ను డబ్బాలు ఉండనే ఉన్నాయి. బ్రిటన్‌లో 1810లో డబ్బాకి పేటెంట్ ఇచ్చారు గానీ, దాన్ని తెరిచే పనిముట్టు 1850లలో గానీ రాలేదు. మధ్యలో నలభై ఏళ్లకు పైగా మానవజాతి ఉలీ సుత్తీ పట్టుకుని భోజనానికి కూర్చుంది. మన నాయికకి ఆ అవస్థ లేదు. ‘డబ్బా తెరిచింది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు, తెరుచుకుంటుంది.

ఇవన్నీ చిన్న విషయాలు. నన్ను ఆలోచనలో పడేసింది అద్దం. దాదాపు ప్రతి నవలలోనూ ఎక్కడో ఒక పగిలిన అద్దం కాచుకుని ఉంటుంది. ఆమె చేతి అంచుతో దుమ్ము తుడిచి, అందులో తనని తాను ఒకటిన్నర పేజీ చూసుకుంటుంది. చిక్కిపోయిందట, చిక్కినా కళ తగ్గలేదట. నూనె లేదు, దువ్వెన లేదు, కనుబొమలు మాత్రం తీరుగానే ఉన్నాయట. ప్రపంచంలో చూసేవాడు ఒక్కడూ మిగల్లేదు కదా, ఈ వర్ణన ఎవరి కోసమయ్యా అని అడగబుద్ధవుతుంది. మూడేళ్ల కథలో ఆమెకి ఒక్కసారి కూడా నెలసరి రాదు. పన్ను సలపదు. కళ్లజోడు ఉండనే ఉండదు కనక పగలదు. రోగనిరోధక శక్తి అంటే ఇదీ!

ఈ రకం కథలకి పాత ఉదాహరణల్లో ఒకటి ఆంగ్ల రచయిత్రి మేరీ షెల్లీ 1826లో అచ్చు వేయించిన ‘ద లాస్ట్ మ్యాన్’. అప్పటికి భర్త నీళ్లలో మునిగి పోయాడు, ముగ్గురు పిల్లలు పోయారు. తనవాళ్లందరూ పోయి మిగిలిపోయిన చివరి మనిషిని నేనే అన్న అర్థంలో డైరీలో రాసుకుందావిడ. నవలకొచ్చేసరికి మాత్రం చివర మిగిలింది మగవాడు. ఒక సమీక్షకుడు ఊరుకోలేదు. చివరి మనిషిగా ఆడదాన్నే పెట్టాల్సింది, మాట్లాడటానికి ఎవరూ లేని బాధ ఆమెకి బాగా తెలిసేదని వెటకారమాడాడు. నలుగురిలో ఒకడన్నమాట.

నేటి రచయితలు అతని కోరిక తీర్చారు. అయితే చిన్న తేడా ఉంది. చివరి మగవాడు గ్రంథాలయంలో కూర్చుని నాగరికత గురించి చింతిస్తాడు. చివరి ఆడదానికి మూడో అధ్యాయంలోనే ఒక అనాథ పిల్ల దొరుకుతుంది, అయిదులో కుక్క, ఏడులో గాయపడ్డ మగవాడు. కట్టు కట్టాలి, గంజి కాచి పోయాలి. కోలుకున్నాక అతను నిప్పులోకి చూస్తూ, మానవజాతి భవిష్యత్తు మన చేతుల్లో ఉంది అంటాడు. పిల్లలెప్పుడు అని అడిగే బంధువులందరూ పోయారు కదా అని ఆమె ఊపిరి పీల్చుకునేలోపే, వాళ్లందరి తరఫునా అడగడానికి ఒకడు వచ్చాడు. అదీ తుపాకీతో.

ఇంత మాట్లాడాక ఊరుకోవడం బాగుండదని నేనే ఒకటి మొదలుపెట్టాను. నా నాయిక పొద్దున పదింటికి లేస్తుంది. గిన్నెలు తోమదు. నగరంలోని పళ్లేలన్నీ తనవే కనక తిన్న పళ్లేన్ని తిన్నట్టే అయిదో అంతస్తు కిటికీలోంచి విసిరేస్తుంది. కింద పగిలిన చప్పుడు విని నవ్వుకుని మళ్లీ పడుకుంటుంది. మూడు పేజీలు బ్రహ్మాండంగా నడిచింది. నాలుగో పేజీలో ఆమె చీపురు పట్టుకుని కిందికి దిగింది. నేను ఆపుదామనుకునేలోపే ఆ పెంకులన్నీ ఊడ్చి ఒక మూలకి చేర్చింది. ఎవరైనా వస్తే ఏమనుకుంటారని.