బౌలింగ్ లీగ్‌లో ఆడేవారికే ఓటు

బంతిని దొర్లించి పది పిన్‌లను పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్ అంటే విశాఖలో చాలామందికి మాల్‌లో గంటసేపు కాలక్షేపం. కానీ రుషికొండ, మధురవాడల ఐటీ ఉద్యోగులు, కళాశాలల విద్యార్థులు జట్లుగా వచ్చి ఆడటం అలవాటయ్యేకొద్దీ లీగులు పుట్టడం సహజం. అవి ఎవరి చేతుల్లో ఉండాలన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. లీగు వేళ్లూనుకున్నాక పెత్తనాన్ని మార్చడం ఎంత కష్టమో ఈ నగరంలో క్రీడా సంఘాలను ఎరిగినవారికి చెప్పనక్కరలేదు.

లీగ్ ఒక్కరోజు పోటీ కాదు. వారం వారం, నెలల తరబడి సాగుతుంది. ఆడిన ప్రతివారం ఆటగాడు డబ్బు కడతాడు. అందులో కొంత లేన్ (బంతి దొర్లించే బాట) అద్దెకు పోతుంది, మిగిలింది సీజన్ చివర బహుమతులకు పోగవుతుంది. ఇంతమంది సొమ్ము అన్ని నెలలూ కోశాధికారి దగ్గరే ఉంటుంది. అందుకే అమెరికాలోని జాతీయ బౌలింగ్ సంస్థ నిబంధనల ప్రకారం లీగు ఖాతా నుంచి డబ్బు తీయాలంటే ఇద్దరు సంతకం చేయాలి, అధ్యక్షుడు నెలనెలా బ్యాంకు లెక్కను స్వయంగా సరిచూడాలి. మనుషులను అనుమానించి పెట్టిన నియమం కాదిది, నిజాయతీపరుడైన కోశాధికారిని నిందల నుంచి కాపాడేది కూడా ఇదే.

డబ్బు కంటే సున్నితమైనది హ్యాండిక్యాప్. సగటు స్కోరు తక్కువ ఉన్నవారికి అదనపు పిన్‌లు, అంటే పాయింట్లు, కలిపి, బలవంతుడితో సమంగా నిలబెట్టే పద్ధతి అది. కొత్తవాళ్లు లీగులో నిలిచేది దాని వల్లే. సగటు తక్కువగా కనబడాలని కావాలనే పిన్‌లు వదిలేసేవారూ ఉంటారు. సగటు లెక్కగట్టేవారు, ఫిర్యాదు వినేవారు, తుది తీర్పు చెప్పేవారు ఒక్కరే అయితే ఓడిన జట్టు ఎవరికి మొరపెట్టుకోవాలి? లేన్ల యజమానే కార్యదర్శి అయితే అద్దె బేరం తనతో తానే ఆడుకుంటాడు. లేన్ల యాజమాన్యం, కార్యదర్శి పదవి ఒకరి చేతిలోనే ఉండకూడదని మా నిశ్చితాభిప్రాయం.

సభ్యత్వం సంగతికి వస్తే, 1895లో ఏర్పడిన అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ 1950 వరకు శ్వేతజాతి పురుషులకే చోటిచ్చింది. నల్లజాతి ఆటగాళ్లు 1939లో సొంత సంఘం పెట్టుకోవలసి వచ్చింది. మహిళలకు 1916 నుంచి వేరే సంస్థ ఉండేది, అది కాంగ్రెస్‌తో ఒక్కటైంది 2005లో. తలుపు తెరవడానికి అన్ని దశాబ్దాలు పట్టింది. ఒకప్పుడు 40 లక్షలు దాటిన ఆ కాంగ్రెస్ సభ్యత్వం తర్వాత బాగా కరిగిపోయింది. జీవనశైలి మారడం వంటి కారణాలు దానికి చాలా ఉన్నాయి, నెపమంతా పాలన మీద నెట్టలేం. కానీ ఇక్కడ లీగు పెట్టేవారు మొదటి రోజే అందరినీ కలుపుకొనే వీలుంది.

మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చేరితే సంఘం నమోదవుతుంది. ఆ తర్వాత వచ్చే వందమందికి ఓటుంటుందా అన్నది వారు రాసుకున్న నియమావళిని బట్టి ఉంటుంది. వివాదాలకు మూలం అక్కడే. ఆటగాళ్లందరి తరఫున జట్టు నాయకులు ఓటేసే పద్ధతి అమెరికా లీగుల్లో మామూలు. వారానికోసారి వచ్చే చిన్నాచితకా నిర్ణయాలకు అది చాలు. రుసుము పెంపు, బహుమతుల పంపకం, కార్యవర్గం ఎన్నిక మాత్రం ప్రతి ఆటగాడి ఓటుతోనే జరగాలి. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు మహిళలు ఉండాలంటోంది. నగర లీగులు దాన్ని పాటించడానికి ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

నియమావళి తెలుగులో ఉండాలి, పేరు నమోదు చేసుకునే రోజే ఆటగాడి చేతికి అందాలి. సర్వసభ్య సమావేశం జరిగి, కార్యవర్గాన్ని ఎన్నుకున్న తర్వాతే మొదటి వారం రుసుము వసూలు చేయాలి.