ఎరువు బస్తా కొనే ముందు బ్లేడు విప్పి చూడండి

అమెరికాలోని కొలంబస్ నగర శివార్లలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఏప్రిల్‌లో ఎక్కడ కలుసుకున్నా, పిల్లల చదువులూ వీసాల సంగతులూ అయ్యాక మాట తప్పకుండా లాన్ మీదికి మళ్లుతుంది. ఎవరు ఏ ఎరువు వేశారు, డాండెలియన్ కలుపు మొక్కలకు ఏ మందు కొట్టారు, స్ప్రింక్లర్ ఎన్ని నిమిషాలు తిప్పుతున్నారు అన్న చర్చ గంటసేపైనా సాగుతుంది. ఆ చర్చలో మోవర్ (గడ్డి కోసే యంత్రం) బ్లేడు ప్రస్తావన వచ్చిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. పచ్చికకు మనం చేసే సేవలన్నింటిలో ఇంత చౌకైనదీ, ఇంతగా నిర్లక్ష్యానికి గురవుతున్నదీ బ్లేడు పదును తప్ప మరొకటి లేదని నా అభిప్రాయం. ఎరువు ఏడాదికి మూడు నాలుగు సార్లు వేస్తాం. గడ్డిని మాత్రం ఏప్రిల్ నుంచి నవంబర్ మొదటి వారం దాకా దాదాపు 28 సార్లు కోస్తాం. కోసిన ప్రతిసారీ ప్రతి ఆకుకూ గాయం చేస్తున్నాం. ఆ గాయం ఎలాంటిదో మనలో ఎంతమంది వంగి చూశారు?

నేనూ చూడలేదు. నాలుగేళ్ల క్రితం జూన్ నెలలో మా ఇంటి ముందరి లాన్ దూరం నుంచి చూస్తే బూడిద రంగు తేలి కనిపించింది. నీళ్లు చాలడం లేదనుకుని స్ప్రింక్లర్ సమయం పెంచాను, ఫలితం లేదు. లాన్ సర్వీసు వారిని పిలిస్తే, వచ్చిన మనిషి ట్రక్కు దిగీ దిగకముందే ఫంగస్ అని తేల్చి, రెండు విడతల మందుకు బిల్లు రాశాడు. మందు పడింది, డబ్బు పోయింది, రంగు మారలేదు. చివరికి ఒక సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని నాలుగు ఆకులు తుంచి, ఫోను కెమెరా దగ్గరగా పెట్టి చూశాను. ఒక్క ఆకు కొన కూడా నునుపుగా తెగి లేదు. చింపిన గుడ్డ అంచులా పీచులు వేలాడుతున్నాయి. ఆ పీచులు ఎండి తెల్లబడ్డాయి, వాటి కింద పావు అంగుళం మేర ఆకు గోధుమ రంగుకు తిరిగింది, ఆ దిగువ అంతా నిక్షేపంగా పచ్చగా ఉంది. తెగులైతే అక్కడక్కడ చాపలు పరిచినట్టు పడాలి, ఆకు మధ్యలో కూడా మచ్చ కనిపించాలి. ఇక్కడ లాన్ అంతటా ఒకే ఎత్తున, కోత పడిన చోటే ఎండిపోయి ఉంది. తప్పు ఫంగస్‌ది కాదు, కొన్న నాటి నుంచి మూడేళ్లుగా నేను విప్పి చూడని బ్లేడుది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే మోవర్ గడ్డిని ఎలా కోస్తుందో కాస్త గమనించాలి. కొడవలితో కోసేటప్పుడు ఎడమచేతి పిడికిలి పైరును పట్టి ఉంచుతుంది, కక్కు ఉన్న అంచు దాన్ని రంపంలా లాగి కోస్తుంది. 1830లో ఇంగ్లండ్‌లోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ పేటెంటు పొందిన తొలి మోవర్, ఉన్ని బట్ట మీది నూగును కత్తిరించే మిల్లు యంత్రం స్ఫూర్తితో పుట్టింది. అందులో తిరిగే బ్లేళ్ల కింద కదలని బ్లేడు ఒకటి ఆనుకుని ఉంటుంది కాబట్టి, గడ్డి ఆ రెంటి నడుమ కత్తెరలో పడినట్టు తెగుతుంది. మన గరాజుల్లో ఉన్న, బ్లేడు నేలకు సమాంతరంగా గిర్రున తిరిగే రోటరీ మోవర్‌కు పట్టి ఉంచే పిడికిలీ లేదు, కత్తెరకు ఉన్నట్టు రెండో రెక్కా లేదు. అది కేవలం వేగంతో కొడుతుంది. బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని ఇక్కడి భద్రతా ప్రమాణం చెబుతుంది, అంటే గంటకు సుమారు 215 మైళ్లు. ఆ వేగంతో పదునైన అంచు తగిలితే ఆకు వంగే లోపే తెగిపోతుంది. మొద్దుబారిన అంచు తగిలితే ముందు వంగుతుంది, తర్వాత నలుగుతుంది, ఆఖరున చిరుగుతుంది. మొద్దు చాకుతో తరిగిన కొత్తిమీర ఇట్టే నల్లబడటం మన వంటిళ్లలో అందరూ చూసిందే. నలిగిన కొన నుంచి తేమ ఎక్కువగా పోతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది, ఆ లోపు తెగుళ్లకు దారి తెరిచి ఉంటుంది. మన ప్రాంతపు గడ్డి విత్తన మిశ్రమాల్లో కెంటకీ బ్లూగ్రాస్, టాల్ ఫెస్క్యూలతో పాటు తరచుగా కనిపించే పెరెనియల్ రైగ్రాస్ ఆకుల్లో నార గట్టిది, కాబట్టి మొద్దు బ్లేడు కింద అన్నింటికన్నా ముందు పీచు తేలేది అదే.

సాధారణంగా 20 నుంచి 25 గంటల వాడకానికి ఒకసారి పదును పెట్టమంటారు. వారానికి ముప్పావు గంట చొప్పున లెక్కేస్తే, మా లాన్‌కు ఆ గంటలు సీజను మొత్తానికి సరిపోతాయి. నేను మాత్రం మార్చి చివర ఒకసారి, జూలైలో ఒకసారి పెడతాను. ఎందుకంటే మేపుల్ చెట్టు వేళ్లు, కుక్క వదిలేసిన పుల్లలు, కాలిబాట అంచు నుంచి దొర్లిన గులకరాళ్లు ఏ గంటల లెక్కలోకీ రావు. బ్యాటరీ మోవర్లు ఉన్నవారికి మరో గుర్తు ఉంది: నిరుడు రెండు వైపుల లాన్లకూ సరిపోయిన చార్జి ఈ ఏడు వెనక లాన్ మధ్యలోనే అయిపోతుంటే, బ్యాటరీని తిట్టే ముందు బ్లేడు చూడాలి.

పని పెద్దది కాదు, కానీ జాగ్రత్త విషయంలో రాజీ పనికిరాదు. నడుస్తూ తోసే మోవర్లలో హ్యాండిల్ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగి తీరాలన్న నిబంధన అమెరికాలో 1982 నుంచి అమలులో ఉంది. అయితే మనం కింద చెయ్యి పెట్టి బ్లేడును తిప్పినప్పుడు ఆ ఏర్పాటును నమ్ముకోకూడదు. పెట్రోలు మోవర్ అయితే స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయాలి, బ్యాటరీ మోవర్ అయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. పెట్రోలు మోవర్‌ను పక్కకు ఒరిగించేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా చూడకపోతే ఆయిల్ వెళ్లి అందులో చేరుతుంది. తోలు గ్లవుజులు వేసుకుని, బ్లేడు తిరగకుండా చెక్క ముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పాలి. బ్లేడును వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) బిగించి, కంపెనీ ఇచ్చిన వాలునే అనుసరిస్తూ, ఆకురాయితో ఒకే దిశలో రాయాలి. గ్రైండర్ వాడితే పని త్వరగా అవుతుంది, కానీ వేడెక్కి అంచు నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయినట్టే. గడ్డం గీసుకునే బ్లేడంత పదును అవసరం లేదు; అంత పలుచని అంచు మొదటి గులకరాయికే మడత పడుతుంది. రాయడం అయ్యాక మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూసి, ఏ వైపు వాలితే ఆ వైపు మరికాస్త రాయాలి. తూకం తప్పిన బ్లేడు మోవర్‌ను వణికించి బేరింగులను తినేస్తుంది. అంచున లోతైన గండి పడినా, వెనుక వైపు గడ్డిని పైకి లేపే రెక్క పలుచబడినా పదును పెట్టే ప్రయత్నం మానుకుని కొత్తది కొనడమే మేలు.

లాన్ పని మనుషులకు అప్పగించిన మిత్రులు ఇదంతా తమకు సంబంధించదనుకోవచ్చు. బ్లేళ్లు ఎన్నాళ్లకు మారుస్తారని వారిని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. రోజుకు పది ఇళ్లు కోసే బ్లేడుకు 25 గంటలు మూడు నాలుగు రోజుల్లోనే నిండుతాయి.

మన తెలుగు సంఘం ఉగాది వేడుకకు వేదిక, భోజనాలు, సౌండు సిస్టమ్ అన్నీ ఏర్పాటు చేస్తుంది. ఆ ముందటి శనివారం ఉదయం ఎవరిదైనా ఒక గరాజులో రెండు వైసులు, నాలుగు ఆకురాళ్లు పెట్టి, సభ్యులు తమ బ్లేళ్లు తెచ్చుకుని పదును పెట్టుకునే ఏర్పాటు చేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. దీనికి విరాళాలు అక్కర్లేదు, కాఫీ ఫ్లాస్కు చాలు. వచ్చేవారు బ్లేడు విప్పే ముందే నేల వైపు ఉన్న ముఖం మీద మార్కర్‌తో గీత పెట్టుకుని రావాలి. మొదటిసారి నేను ఆ పని చేయక, అంత శ్రద్ధగా సాన పట్టిన బ్లేడును తలకిందులుగా బిగించి, అరగంట పాటు లాన్ మీద గడ్డిని దువ్వుతూ తిరిగాను.