ముక్కున్న ప్రతివాడూ రసజ్ఞుడు కాడు

గాడిదకేం తెలుసు గంధం వాసన అన్న పెద్దలు ఆ విషయంలో గాడిద అభిప్రాయం అడిగినట్టు దాఖలాలు లేవు. అడిగి ఉంటే, రోజంతా గంధం మోసేదానికి గంధం వాసన రాదన్న సంగతి అప్పుడే బయటపడేది. ముక్కు ఏ వాసననైనా కాసేపే పట్టించుకుంటుంది, తర్వాత దాన్ని గోడనో కుర్చీనో వదిలేసినట్టు లెక్కలోంచి తీసేస్తుంది. అందువల్ల సెంటు అనేది పూసుకున్నవాడికి తప్ప అందరికీ తెలిసే అలంకారం. ఇది తెలియనివాళ్లు, వాసన పోయిందనుకుని మధ్యాహ్నానికి మరో రెండు సార్లు కొట్టుకోవడం వల్లే లిఫ్టుల్లో మానవ సంబంధాలు దెబ్బతింటున్నాయి.

నేను ఆ కోవకు చెందను. నేను రసజ్ఞుణ్ణి. నాది మిత్సుకో.

ఈ పేరు వినగానే మీరు లేచి నిలబడలేదంటే, ఈ వ్యాసం మీకోసమే. 1919లో పారిస్‌లోని గెర్లాన్ సంస్థ కోసం జాక్ గెర్లాన్ కూర్చిన పరిమళం అది. ఒక ఫ్రెంచి నవలలోని జపాను కథానాయిక పేరు దానికి పెట్టారు. సీసాకు మాత్రం కొత్తదనం లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, 1912లో, అదే సంస్థ తెచ్చిన ‘లేర్ బ్లూ’ సీసానే, తలకిందులైన హృదయం ఆకారపు మూతతో సహా, మళ్లీ వాడుకున్నారు. కొత్త గాజు జోలికి పోకుండా పాత హృదయంతోనే సరిపెట్టుకున్న ఆ పొదుపంటే నాకు గౌరవం.

ఇక లోపలి సంగతి. ఇందులో పీచ్ పండు వాసన వస్తుంది, పీచ్ పండు ఉండదు. ఆ వాసననిచ్చే పదార్థాన్ని ఆ వృత్తిలో ‘ఆల్డిహైడ్ సీ-14’ అంటారు. అది ఆల్డిహైడ్ కాదు, లాక్టోన్ అనే వేరే జాతి రసాయనం. దానిలో కార్బన్ పరమాణువులు 14 లేవు, 11 ఉన్నాయి. అన్ని వాసనలూ పోయాక చివర్న నిలిచే ఓక్‌మాస్ పేరుకే నాచు, నిజానికి ఓక్ చెట్ల మీద పెరిగే లైకెన్, అంటే బూజూ పాచీ కలిసి బతికే వేరే జీవి. నేతి బీరకాయ కూడా ఇంతగా బుకాయించలేదు. ఇన్ని అబద్ధాలు కలిసి ఒక్క నిజంలా వాసన రావడమే కళ అని నేను వివరించినప్పుడల్లా మా ఆవిడ లేచి వెళ్లి కిటికీ తెరుస్తుంది.

పూసుకోవడానికో పద్ధతి ఉంది. మణికట్టు మీద ఒక్కసారి, అంతే. రెండో మణికట్టుతో రుద్దకూడదు. రుద్దితే అణువులు నలిగిపోతాయని కొందరు రసజ్ఞులు కంటతడి పెడతారు. అణువులు అంత అల్పప్రాణులేమీ కావు. అయినా నేను రుద్దను, ఎందుకంటే రుద్దకుండా చేయి గాల్లో ఉంచి కళ్లు మూసుకోవడం చూసేవాళ్లకు బాగుంటుంది. మొదట నిమ్మజాతి పండైన బెర్గమాట్ చురుక్కుమని పలకరించి వెళ్లిపోతుంది. ఆ వెనక పీచ్, మల్లె, గులాబీ వస్తాయి. గంటలు గడిచాక వానకు తడిసిన చెట్టు బెరడు, ఎన్నాళ్లుగానో తెరవని సొరుగు మిగులుతాయి. నిజం చెప్పాలంటే ఇది నాకు మొదటిసారి నచ్చలేదు. రెండోసారీ నచ్చలేదు. కానీ మామూలు సెంటు నచ్చకపోతే తప్పు సెంటుది, క్లాసిక్ నచ్చకపోతే తప్పు మనది. ఆరు నెలల సాధన తర్వాత, నచ్చిందని తడుముకోకుండా చెప్పే స్థాయికి చేరుకున్నాను.

అసలు దుఃఖం ఇంకొకటుంది. ఇప్పటి మిత్సుకో అప్పటి మిత్సుకో కాదు. ఓక్‌మాస్‌లో ఉండే అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అనే రసాయనాలు చర్మానికి పడవని, సౌందర్య సాధనాల్లో వాటిని నిషేధిస్తూ 2017లో యూరోపియన్ యూనియన్ నిబంధన తెచ్చింది. జనం దద్దుర్లు లేకుండా బతకాలట! నాగరికత ఏమైపోయినా ఫరవాలేదన్నమాట. పాత మిత్సుకో వాసన నేను జన్మలో ఒక్కసారి కూడా చూడలేదు. అయితేనేం, దాన్ని పోగొట్టుకున్న వెలితి గురించి ఎవరికీ తీసిపోకుండా గంటన్నర మాట్లాడగలను.

వెర్సాయ్‌లో ఓస్మోతెక్ అనే పరిమళాల భాండాగారం ఉంది. 1990లో మొదలైంది. కనుమరుగైన సెంట్లను పాత సూత్రాల ప్రకారం మళ్లీ తయారుచేసి, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపి, 12 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో దాచుతారు. ఇది తెలిసిన రోజే నా సీసాను బీరువా అడుగు అరలోకి, ఉన్ని మేజోళ్ల మధ్యకు మార్చాను. చీకటి కుదిరింది, ఆర్గాన్ కుదరలేదు. వెలుతురు తగిలితే పాడవుతుంది, వేడి తగిలితే పాడవుతుంది, మూత తీస్తే గాలి చొరబడుతుంది. కాబట్టి మూత తీయడం మానేశాను. ఆవిరి కావడానికే పుట్టిన ద్రవాన్ని ఆవిరి కాకుండా కాపాడటం ఇప్పుడు నా దినచర్య.

మొన్న ఆఫీసులో పక్క సీటావిడ, ‘ఇవాళ మీ దగ్గర చాలా మంచి వాసన వస్తోందండీ, ఏం సెంటు?’ అని అడిగారు. ఇన్నేళ్లకు ఒక ముక్కు దొరికిందని పొంగిపోయి 1919తో మొదలుపెట్టాను. సీసా మూత, జపాను కథానాయిక అయిపోయి లాక్టోన్ దాకా వచ్చాక గుర్తొచ్చింది, నేను బీరువా తెరిచి పదకొండు రోజులైందని. ఆ పూట నా ఒంటి మీద ఉన్నది స్నానం సబ్బు. అంత దూరం వచ్చాక మధ్యలో ఆపేయడం మర్యాద కాదు కనక, ఓక్‌మాస్ సంగతి కూడా పూర్తిచేశాను.