కుక్కా, కుక్కరూ

రెండు నెలల కుక్కపిల్ల ఇంటికొస్తేగానీ మనింట్లో ఎంతమంది నిపుణులున్నారో తెలియదు. విజయవాడ సత్యనారాయణపురంలో మాది మూడో అంతస్తు. మావాడు వీధికుక్క పిల్లనొకదాన్ని చొక్కాలో దాచి తెచ్చి, బూంది అని పేరు పెట్టి, ట్యూషన్‌కి వెళ్ళిపోయాడు. ఒంటికీ రెంటికీ దాన్ని బయటికి అలవాటు చేసే భారం మా అందరి మీదా పడింది.

డాక్టర్ గారు సూటిగానే చెప్పారు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడుకున్నాక, పడుకోబోయే ముందు బయటికి తీసుకెళ్ళాలి. ఈ వయసు పిల్ల ఆపుకోగలిగేది మహా అయితే మూడు గంటలు. టీకాలు పూర్తయ్యేదాకా పార్వో అనే వైరస్ జబ్బు భయం కాబట్టి వీధిలోకి వద్దు, వేరే కుక్కలు తిరగని చోటు చూసుకోవాలి. పని కాగానే అక్కడికక్కడే మెచ్చుకుని ఏదైనా పెట్టాలి. ఇంట్లో పోస్తే కొట్టకూడదు. కొడితే అది మానదు, ఈసారి సోఫా వెనక్కి వెళ్ళి పోస్తుంది.

చోటు దగ్గరే మొదటి పేచీ. పార్కింగ్ వెనక కరివేపాకు చెట్టు కింద మెత్తటి మట్టి ఉంది. కానీ అపార్ట్‌మెంట్ మొత్తం పోపులకి ఆకు అక్కడిదే. అసోసియేషన్ వాళ్ళు ఆలోచించి కొబ్బరిచెట్టు మొదలు కేటాయించారు.

బూంది అక్కడ చీమల్ని చూసేది, కాకిని తరిమేది, మా ఆయన చెప్పు నమిలేది. పైకొచ్చి హాల్లో తీరిగ్గా పోసేది. దాని లెక్క దానికుంది. కింద పోసిన మరుక్షణం దాన్ని ఎత్తుకుని పైకి తెచ్చేస్తున్నాం. పోస్తే షికారు అయిపోతుందని తెలిశాక ఎవరు పోస్తారు? అందుకని పని అయ్యాకే ఆట మొదలుపెట్టమన్నారు డాక్టర్ గారు. బాగానే ఉంది, మరి పని అయ్యేదెలా?

మామగారు రంగంలోకి దిగారు. కుక్కలు భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్న వేళ ఉత్తర దక్షిణాలకి ఒళ్ళు సర్దుకుని కానిస్తాయని చెక్, జర్మన్ శాస్త్రవేత్తలు డెబ్బై కుక్కల్ని గమనించి రాశారు. దానికి 2014లో ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. అది ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి. మామగారు నవ్వలేదు. వాస్తు ఎప్పుడో చెప్పిందన్నారు. ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని కొబ్బరిచెట్టు కింద బూందిని ఉత్తరముఖంగా తిప్పుతూ కూర్చునేవారు. అది మాత్రం ఈశాన్యాన్ని ఎంచుకుంది. మా దేవుడి గది అక్కడే.

చివరికి అత్తగారు లేచారు. ముగ్గురు పిల్లల్నీ, మనవల్నీ కాళ్ళ మీద కూర్చోబెట్టుకున్న మనిషి. బూందిని చెట్టు కింద దింపి, "స్స్‌స్స్‌స్..." అన్నారు. దాని ముఖం ప్రశాంతంగా అయిపోయింది. పని అయిపోయింది. వేరుశెనగపప్పు బహుమతి. ఇక పూటపూటకీ అదే మంత్రం, అదే ఫలితం. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కలకి, తిండి ముందు అలవాటైన చప్పుడు వినబడితే చాలు, నోరూరేదట. ఆయన ప్రయోగం ఆపిన చోట మా అత్తగారు అందుకున్నారు.

అంతా కుదురుకుందనుకుంటే హాల్లో మడుగులు మాత్రం ఆగలేదు. అదీ పొద్దున్న ఎనిమిదింటికి, ఆదివారమైతే పదకొండింటికి. కిందికెళ్ళి వచ్చినా అంతే. పాత వాసన తగులుతోందేమోనని నేలంతా కడిగాం. మనకి వాసన పోయినా దానికి పోదు మరి. మామగారు సోఫాని దక్షిణానికి జరిపించారు.

ఇంతలో ఆడపడుచు అత్తగారు భోజనానికొచ్చారు. గద్వాల్ పట్టుచీర. బూంది ఆవిడ కాళ్ళ దగ్గర చేరి తోకూపితే ఆవిడ కరిగిపోయి ఒళ్ళోకి తీసుకున్నారు. "ఎంత బుద్ధిమంతురాలో! మా ఇంట్లో పిల్లలు కూడా ఇంత కుదురుగా కూర్చోరు వదినగారూ."

వంటింట్లో మొదటి విజిల్ పడింది. స్స్‌స్స్‌స్... బూంది చెవులు నిక్కాయి.

రెండో విజిల్. దాని ముఖం ప్రశాంతంగా అయిపోయింది.

నాకు అప్పుడు వెలిగింది. స్టవ్ ఆపడానికి వంటింట్లోకి పరిగెత్తాను. కుక్కర్ ఆగుతుందా? లోపల ఆవిరి ఉన్నంతసేపూ మూడోది కూడా పలికే తీరింది.

"శుభం వదినగారూ, శుభం! పసిపిల్లలు పోస్తే మంచిదంటారు," అన్నారు మా అత్తగారు తువ్వాలు అందిస్తూ. ఆ పైన భోజనాలు నిశ్శబ్దంగా సాగాయి. పప్పు ఉడకలేదని కూడా ఎవరూ అనలేదు. బూంది వచ్చి బహుమతి కోసం నా పక్కన కూర్చుంది. న్యాయంగా దానికి వేరుశెనగపప్పు బాకీ ఉన్నాం.

కుక్కర్ మానేయలేం, అత్తగారి మంత్రమూ మానలేం. కాబట్టి పద్ధతి మార్చాం. కుక్కర్ పొయ్యెక్కించగానే నేను కేకేస్తాను, మా ఆయన బూందిని చంకనేసుకుని లిఫ్ట్ కోసం చూడకుండా మెట్లు దిగుతారు. వంటింటి కిటికీ కొబ్బరిచెట్టు వైపే కాబట్టి విజిల్ వాళ్ళకి కిందికి వినబడుతుంది. కింద ఫ్లాట్ ఆవిడ ఆయన్ని చూసి, "ఇవాళ ముద్దపప్పా అన్నయ్యగారూ?" అని పలకరిస్తారు. ఆయన ఎక్కువసేపు నిలబడితే, "ఓహో, శెనగలా!" అంటారు.

చిక్కంతా ఇడ్లీ రోజున. ఇడ్లీకి విజిల్ పెట్టం కదా. బూంది చెట్టు కింద నిలబడి మా కిటికీ కేసి చూస్తుంది. ఆయనా చూస్తారు. ఆఫీసు టైమవుతుంటుంది. ఇక లాభం లేక, ఇస్త్రీ చొక్కా, టై, మెడలో ఐడీ కార్డుతో ఉన్న మా ఆయన అటూ ఇటూ చూసుకుని, వంగి, "స్స్‌స్స్‌స్..." అంటారు. వాచ్‌మన్ మర్యాద తెలిసినవాడు. అటు తిరిగి గేటు తుడుస్తాడు.