పదిహేనేళ్లకే జాబ్ వచ్చిన పిల్ల

ముందే చెప్పేస్తున్నా, నేను బాక్సింగ్‌కి వ్యతిరేకిని. ఆ ఆట గురించి నాకు ఏమీ తెలియదు కాబట్టి నా అభిప్రాయంలో పక్షపాతం ఉండే అవకాశమే లేదు.

విశాఖలో ఉండే మా అక్క కూతురు పదో తరగతి పరీక్షలు రాసి, ఖాళీగా ఉంది కదా అని బాక్సింగ్ కోచింగ్‌లో చేరింది. ఖాళీగా ఉండటమంటే మన ఇళ్లలో అర్థం తెలుసుగా, ఇంటర్ పుస్తకాలు కొనిచ్చాక కూడా వాటిని తెరవకపోవడం. "ఒరేయ్, నువ్వు అర్జెంటుగా రా, దీనికి నువ్వయితేనే నచ్చజెప్పగలవు" అని అక్క ఫోన్ చేసింది. ఇంతకుముందు ఇలా పిలిచింది తాతగారి కొబ్బరితోట పంపకాలప్పుడే. తీవ్రత అర్థమై రాత్రి బస్సెక్కేశాను.

వెళ్లేసరికి హాల్లో సభ నడుస్తోంది. మొదటి అభ్యంతరం ముక్కు. మా వంశంలో ముక్కులు బాగుంటాయని ఒక నమ్మకం ఉంది (నన్ను చూసినవాళ్లు ఒప్పుకోరు, అది వేరే సంగతి), అది కాస్తా వంకరపోతే రేపు సంబంధాలు ఎలా అని మా పెద్దమ్మ. నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదట్లో దెబ్బలు తిని ఇంటికి వెళ్తే వాళ్లమ్మ కూడా ఇదే బెంగ పెట్టుకున్నారట. తర్వాత ఆ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. రెండుసార్లూ మా ఫ్యామిలీ గ్రూపులో జెండాలు, చప్పట్లు, "మన తెలుగమ్మాయి" అంటూ అందరికంటే ముందు పెట్టింది ఈ పెద్దమ్మే. ఆ నిఖత్ కూడా 2009లో ఇదే విశాఖకి వచ్చి, సాయ్ (కేంద్ర ప్రభుత్వ క్రీడా సంస్థ) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు అందుకున్న కోచ్ ఐ.వెంకటేశ్వరరావు దగ్గర నేర్చుకుందని గుర్తు చేశాను. "ఆ పిల్ల వేరురా, వాళ్లింటి పిల్ల" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. పతకాలు తెచ్చే పని పక్కవాళ్ల పిల్లలకి అప్పగించి, ఫార్వర్డ్ చేసే పని మనం తీసుకున్నాం, ఇప్పుడు ఒప్పందం తప్పడం భావ్యం కాదు.

రెండో గొడవ మా అమ్మ వల్ల వచ్చింది. మనవరాలు ఫోన్లో స్నేహితురాలితో "నాకు జాబ్ ఇప్పుడిప్పుడే వస్తోందే" అనడం విని, "పదిహేనేళ్లకే ఉద్యోగమేమిట్రా, ఇంటరన్నా అవనివ్వండి" అని ఏడుపు మొదలెట్టింది. ముందున్న చేతిని తిన్నగా విసిరి, అంతే వేగంగా గడ్డం దగ్గరికి తెచ్చేసుకునే దెబ్బ పేరు జాబ్ అని, తెలుగులో రాస్తే రెండూ ఒకటేనని ఆవిడకి చెప్పడానికి అరగంట పట్టింది. కానీ ఆ అరగంటలో బావ ఫోన్ తీసి ఏదో వెతికాడు. నిఖత్‌కి తెలంగాణ ప్రభుత్వం 2024లో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చిందని చదివాక ఆయన ముఖంలో మార్పు వచ్చింది. నన్ను పక్కకి పిలిచి, "ఈ జాబ్‌కీ ఆ జాబ్‌కీ మధ్య ఎన్నేళ్లు పడుతుందో కోచ్‌ని మెల్లగా కనుక్కో" అన్నాడు.

సాయంత్రం వెళ్లాను. రక్తం చూడాల్సి వస్తుందని గుండె దిటవు చేసుకుని మరీ వెళ్తే, అక్కడ పిల్లలు స్కిప్పింగ్ ఆడుతున్నారు. తర్వాత ఎడమ కాలు ముందు పెట్టి, కుడి మడమ కాస్త లేపి, ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు. అంతే. మూడు వారాలుగా ఇదే! గాలిని కొట్టింది, బ్యాగుని కొట్టింది, మనిషన్నవాణ్ణి ఒక్కణ్ణీ కొట్టలేదు. ఈ మూడు వారాల్లో ఏ కార్పొరేట్ కాలేజీ అయినా నాలుగు చాప్టర్లు ముగించి, మూడు పరీక్షలు పెట్టి, ర్యాంకులు గోడకి అంటించేసేది.

"మా పిల్ల ఎప్పుడు కొడుతుంది సార్?" అని అడిగాను.

"ముందు నిలబడటం రావాలండీ."

"మా పిల్ల పదో నెలలోనే నిలబడింది సార్."

ఆయన నవ్వలేదు. నన్నే నిలబెట్టి, రెండు పిడికిళ్లూ బుగ్గల దగ్గర పెట్టి, ఒక్క రౌండు అలాగే ఉంచమన్నాడు. రౌండంటే మూడు నిమిషాలు. నిమిషం దాటేసరికి నా భుజాలు నావి కావు.

అసలు లోపం కనపడింది కూడా అక్కడే. గంట మోగితే ఆపేస్తారు. చెయ్యి గాల్లో ఉన్నా సరే, ఆపేసి ఒక నిమిషం కూర్చుంటారు. నడుము కింద కొట్టకూడదట, తల వెనక కొట్టకూడదట, పడిపోయినవాళ్లని అసలే కొట్టకూడదట. ఇలాంటి పద్ధతులు అలవాటైన పిల్ల రేపు బంధువుల మధ్య ఎలా బతుకుతుంది? కొబ్బరితోట మీద మా నాన్న, చిన్నాన్న 1998లో మొదలుపెట్టిన రౌండుకి ఇంతవరకు గంట మోగలేదు. చిన్నాన్న పోయాక ఆయన తరఫున వాళ్లబ్బాయి దిగాడు, నడుము పైనా కిందా అని మేమెవరం చూసుకోలేదు.

ఇంట్లో జరిగిన నష్టం ఇంకా ఘోరం. గ్లవ్స్ లోపల చేతికి చుట్టుకునే పట్టీలుంటాయి, ఒక్కోటి నాలుగున్నర మీటర్లు. బొటనవేలికి లూప్ తగిలించి, మణికట్టు చుట్టూ, వేళ్ల సందుల్లోంచి, పిడికిలి మీదుగా చుట్టాలి. చెమటకి అవి వేసే కంపు ముందు ఎండుచేపల బజారు నయం. పిల్ల రోజూ వాటిని తనే ఉతికి డాబా మీద బావ లుంగీ పక్కన ఆరేస్తుంటే, ఎదురింటి ఆవిడ ఎవరికో యాక్సిడెంట్ అయిందనుకుని హార్లిక్స్ సీసాతో పరామర్శకి వచ్చేసింది. ఆరాక వాటిని తెచ్చి, తొడ మీద పెట్టి, లూప్ పైకి వచ్చేలా బిగుతుగా చుట్టుకుంటుంది. పోయిన నెల దాకా తడి తువ్వాలు మంచం మీద పడేసిన మనిషి! తొమ్మిదిన్నరకి నిద్ర, ఐదింటికి లేవడం, అడక్కుండానే బీరకాయ కూర తినడం... పిల్లకి ఏదో పట్టిందని అక్క తాయెత్తు దాకా వెళ్లింది.

ఆదివారం రాత్రి బావ కాలేజీ విషయం తీశాడు. హాస్టల్లో వేస్తానని, ఆటలు కట్టని, అరవడం మొదలెట్టాడు. ఇదివరకైతే ఈపాటికి ఏడుపు, తలుపు దభాలున పడటం అన్నీ అయిపోయేవి. ఈసారి పిల్ల అర అడుగు వెనక్కి వేసి, గడ్డం కొద్దిగా దించి, తండ్రి ఛాతీ వైపే చూస్తూ నిలబడింది. ఎదుటివాడి కళ్లల్లోకి కాదు, ఛాతీ మీద చూపు పెట్టాలని కోచ్ చెప్పాడట. ఆ సంగతి తెలియని బావ మధ్యలో ఆగి, చొక్కా మీద పప్పేమైనా పడిందేమో అని రెండుసార్లు చూసుకున్నాడు. నిమిషంన్నరకి ఆయనకి ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

పిల్ల లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు, ఒక తువ్వాలు తెచ్చిచ్చింది. "ముక్కుతో గాలి పీల్చు నాన్నా" అంది.

బావ నీళ్లు తాగి, మొహం తుడుచుకుని, మళ్లీ అందుకుందామని తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. పట్టీలు ఆరాయేమో చూడటానికి అది డాబా ఎక్కేసింది.